ఉపన్యాసమనే న్యాసం

కొమర్రాజు వెంకట లక్ష్మణరావు స్మారక ఉపన్యాసం

సభాధ్యక్షులకు, వేదికను అలంకరించిన పెద్దలకు, ఆచార్యులకు, పరిశోధక విద్యార్థులకు, వీరితో పాటు ఈ విశ్వవిద్యాలయంలో పేరు నమోదు కాకపోయినా, హాజరుపట్టీ బెదురు లేకపోయినా, పనులు ముగించుకుని వచ్చి వెనుక వరుసల్లో సర్దుకుని కూర్చున్న పౌరులకు నమస్కారం. నేటి ప్రసంగం ప్రధానంగా ఆ వెనుక వరుసలకు సంబంధించినది. విశ్వవిద్యాలయం సమాజాన్ని గురించి, శాస్త్రాన్ని గురించి, రాజకీయాలను, సంస్కృతిని గురించి తన విద్యార్థులు కానివారితో ఎందుకు మాట్లాడాలి, ఆ మాటకు విలువ ఎక్కడి నుంచి వస్తుంది, తెలుగునేల మీద ఆ పని ఎంతవరకు సాగింది అనేవి ఇందులో పరిశీలనకు వస్తాయి.

కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో 1877లో పుట్టిన కొమర్రాజు వెంకట లక్ష్మణరావు నాగపూరులో చదువుకుని, మునగాల సంస్థానంలో దివానుగా పనిచేస్తూ, 1901లో నాయని వెంకట రంగారావు, రావిచెట్టు రంగారావు వంటి మిత్రులతో కలిసి హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషానిలయాన్ని, 1906లో గాడిచర్ల హరిసర్వోత్తమరావు వంటివారి తోడ్పాటుతో విజ్ఞానచంద్రికా మండలిని నెలకొల్పారు. 1907లో గాడిచర్ల రాసిన అబ్రహాం లింకన్ జీవితంతో మొదలైన మండలి ప్రచురణలు చరిత్రకు, రసాయనానికి, జీవశాస్త్రానికి విస్తరించాయి. చిలుకూరి వీరభద్రరావు ఆంధ్రుల చరిత్ర తొలి భాగం 1910లో ఆ మాలలోనే వెలువడింది. ఆ తర్వాత లక్ష్మణరావు తలకెత్తుకున్న ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం మూడు సంపుటాలు వెలువడి, వర్ణమాల తొలి అక్షరాల దగ్గరే ఆగిపోయింది. 1923లో, 46 ఏళ్ల వయసులో, ఆయన కన్నుమూశారు.

లక్ష్మణరావు ఏ విశ్వవిద్యాలయంలోనూ ఆచార్యులు కారు. ఆయన పోయిన మూడేళ్లకు, 1926లో గాని, ఆంధ్ర విశ్వవిద్యాలయం పుట్టలేదు. విశ్వవిద్యాలయం చేయవలసిన పనిని, విశ్వవిద్యాలయం లేని చోట, చందాదారుల బలంతో నడిపించిన మనిషి పేరిట ఇప్పుడొక విశ్వవిద్యాలయంలో సభ జరుగుతున్నదంటే, ఆ సంస్థ తన బాకీని తాను ఒప్పుకుంటున్నదని అర్థం.

బాకీ అన్న మాటకు ఆధారం ఉపన్యాసమన్న పదంలోనే ఉంది. ‘ఉప’ అంటే దగ్గర, ‘న్యాసం’ అంటే ఉంచడం. బెంగాలీలో, హిందీలో నవలకు పేరైన ఈ సంస్కృతపదం తెలుగులో సభాప్రసంగానికి స్థిరపడింది. అయితే ధర్మశాస్త్రాల్లో న్యాసానికి ఇంకొక అర్థం కూడా ఉంది: ఒకరు నమ్మి మరొకరి దగ్గర దాచుకున్న సొత్తు. దాచుకున్నవాడు వచ్చి అడిగిననాడు దాన్ని తిరిగి ఇవ్వవలసిందే. ఇచ్చినందుకు దాత అన్న పేరు రాదు, ఇవ్వకపోతే మాత్రం దోషం తగులుతుంది. ట్రస్టును హిందీలో నేటికీ ‘న్యాస్’ అనడం ఈ అర్థం నుంచే వచ్చింది. విశ్వవిద్యాలయం దగ్గరున్న జ్ఞానం ప్రజల పన్నులతో, వారి శ్రమతో, చాలాసార్లు వారి జీవితాలనే పరిశోధనకు సామగ్రిగా వాడుకుని కూడబెట్టిన న్యాసమని, బహిరంగోపన్యాసం దాన్ని సొంతదారుకు అప్పగించే పద్ధతి అని, అప్పగింత సక్రమంగా జరిగితే అప్పగించినవారి జ్ఞానం కూడా పరీక్షకు నిలిచి గట్టిపడుతుందని ఈ ప్రసంగం ప్రతిపాదిస్తున్నది. ఈ వాదం ఆరు మెట్లుగా సాగుతుంది.

1. తలుపు

పట్టా కోసం చదివే చదువుకు, తెలుసుకోవడం కోసం వినే వినికిడికి ఉన్న తేడాను కొన్ని సంస్థలు చాలాముందే గుర్తించాయి. ఫ్రాన్సు రాజు మొదటి ఫ్రాన్సిస్ 1530లో ఏర్పాటు చేసిన ఉపన్యాసక పదవులు కాలక్రమంలో పారిస్‌లోని కొలేజ్ ద ఫ్రాన్స్‌గా స్థిరపడ్డాయి; అక్కడ నేటికీ పరీక్ష లేదు, పట్టా లేదు, రుసుము లేదు, ఎవరైనా వెళ్లి కూర్చుని వినవచ్చు. థామస్ గ్రెషమ్ అనే లండన్ వర్తకుడి వీలునామా మేరకు 1597లో మొదలైన గ్రెషమ్ కళాశాలలో ఏడుగురు ఆచార్యులు ఏడు విషయాల మీద నగరవాసులకు ఉచితంగా ఉపన్యసించేవారు. స్కాట్లండ్‌లో ఆడమ్ గిఫర్డ్ అనే న్యాయమూర్తి 1885లో రాసిన వీలునామాతో నాలుగు విశ్వవిద్యాలయాల్లో ఏర్పడిన ఉపన్యాసాలకు ఆయన పెట్టిన షరతుల్లో రెండు ముఖ్యమైనవి: వక్తకు మతపరీక్ష గాని ప్రమాణం గాని ఉండరాదు, సభ విద్యార్థులకే కాక ఊరందరికీ తెరిచి ఉండాలి.

తలుపు తెరిస్తే లాభపడేది వినేవారేనని అనుకోవడం పరిపాటి. అయితే 1660 నవంబరు 28న గ్రెషమ్ కళాశాలలో క్రిస్టఫర్ రెన్ ఉపన్యాసం ముగిశాక అక్కడే కూర్చుని మాట్లాడుకున్న 12 మంది తీసుకున్న నిర్ణయం నుంచే లండన్ రాయల్ సొసైటీ పుట్టింది. భారతదేశంలో ఇంతకంటే దగ్గరి ఉదాహరణ ఉంది. వైద్యుడైన మహేంద్రలాల్ సర్కార్ 1876లో చందాలు పోగుచేసి కలకత్తాలో నెలకొల్పిన ఇండియన్ అసోసియేషన్ ఫర్ ది కల్టివేషన్ ఆఫ్ సైన్స్‌లో తొలి దశాబ్దాల్లో ప్రధానంగా జరిగింది పౌరులకు శాస్త్రోపన్యాసాలే. అక్కడే ఉండి పరిశోధన సాగించేవారు దొరకలేదన్న నిరాశతోనే సర్కార్ 1904లో మరణించారు. మూడేళ్ల తర్వాత ఆర్థికశాఖ ఉద్యోగిగా కలకత్తా వచ్చిన చంద్రశేఖర వెంకట రామన్, ఆఫీసుకు ముందొకసారి, ఆఫీసు తర్వాత ఇంకొకసారి బౌబజారు వీధిలోని ఆ భవనానికి వెళ్లి ప్రయోగాలు చేయసాగారు. ద్రవం గుండా పోతూ చెదిరిన కాంతిలో కొంత తన రంగును మార్చుకుంటుందని 1928 ఫిబ్రవరి 28న ఆయన నిర్ధారించుకున్నది అక్కడే. ఆ సంగతిని మార్చి 16న బెంగళూరులో వివరించింది కూడా ఉపన్యాసరూపంలోనే. పౌరులు వచ్చి వినడానికి కట్టిన ఇల్లు పరిశోధనకు పుట్టిల్లయింది.

2. సులువు, పలచన

శాస్త్రాన్ని సామాన్యులకు చెప్పడమంటే పాలలో నీళ్లు కలపడమేనన్న అనుమానం విద్వాంసుల్లో ఎప్పుడూ ఉంటుంది. ఈ అనుమానానికి సమాధానం మైకేల్ ఫారడే జీవితంలో ఉంది. లండన్‌లో పుస్తకాలకు అట్టలు కట్టే పని నేర్చుకుంటున్న ఆ యువకుడు, దుకాణానికి వచ్చే ఖాతాదారు ఒకరు ఇచ్చిన టికెట్లతో 1812లో రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌కు వెళ్లి హంఫ్రీ డేవీ రసాయనోపన్యాసాలు విన్నాడు. విన్నదంతా బొమ్మలతో సహా శుభ్రంగా రాసి, తన చేతులతోనే అట్ట కట్టి, ఆ పుస్తకాన్ని డేవీకే పంపాడు; మరుసటి సంవత్సరం అదే ప్రయోగశాలలో సహాయకుడిగా చేరాడు. అయస్కాంతం కదలిక నుంచి విద్యుత్తు పుడుతుందని ప్రపంచానికి చూపిన శాస్త్రవేత్త, వెనుక వరుసలో కూర్చుని విన్న శ్రోతగా మొదలయ్యాడన్నమాట.

ఆ రుణాన్ని ఆయన మరచిపోలేదు. 1860–61 క్రిస్మస్ సెలవుల్లో పిల్లల కోసం ఆయన చేసిన ఆరు ఉపన్యాసాలకు విషయం ఒక కొవ్వొత్తి. (సభాసదులు ఈ తెలుగుమాటను ఒక్కసారి విడదీసి చూడవచ్చు: కొవ్వుతో చేసిన ఒత్తి. పారఫిన్ మైనం రాకముందు పశువుల కొవ్వుతో వాటిని పోసేవారన్న సంగతి ఆ పేరులోనే నిలిచి ఉంది.) వెలుగుతున్న జ్వాల నడుమ ఉండే నల్లని భాగంలోకి వంచిన సన్నని గాజుగొట్టం ఒకటి పెడితే, రెండో కొసనుంచి ఆవిరి బయటికి వస్తుంది; ఆ కొసకు నిప్పు తగిలిస్తే అక్కడొక చిన్న జ్వాల వెలుగుతుంది. మండుతున్నది ముద్దగా ఉన్న కొవ్వు కాదని, అది కరిగి, ఒత్తిని పట్టుకుని పైకెక్కి, ఆవిరైన తర్వాతనే మండుతున్నదని పదేళ్ల పిల్లవాడికి కూడా కళ్ల ముందే తేలిపోతుంది. మంచు, ఉప్పు నింపిన గిన్నెను జ్వాల మీద పట్టుకుంటే దాని అడుగున చెమట పట్టి బొట్లు జారుతాయి. నిప్పు నుంచి నీరు పుడుతున్నదన్న మాట విని నవ్వబోయిన వారికి ఆ బొట్లు అడ్డు చెబుతాయి. చివరి ఉపన్యాసంలో ఫారడే మనిషి ఊపిరికీ, కొవ్వొత్తి మంటకూ పోలిక చూపి, దేహంలోనూ నెమ్మదిగా ఒక దహనం సాగుతున్నదన్న చోటికి శ్రోతలను తీసుకువెళ్లాడు.

ఈ ఉపన్యాసాల్లో ఆయన వదిలేసిన రసాయనసత్యమేదీ లేదు; మార్చుకున్నది క్రమాన్ని మాత్రమే. పాఠ్యపుస్తకంలో ముందు నిర్వచనం, తర్వాత ఉదాహరణ వస్తాయి. ఇక్కడ ముందు వస్తువు, తర్వాత ప్రశ్న, ఆ ప్రశ్నకు జవాబుగా పారిభాషికపదం వస్తాయి. పారిభాషికపదమంటే ఒక శాస్త్రంలో నియతమైన అర్థంతో వాడే మాట. ఆ మాట వెనుక దాక్కునే వీలు తరగతిగదిలో ఉపాధ్యాయుడికి కొంత ఉంటుంది, ఎందుకంటే విద్యార్థి పరీక్ష కోసం దాన్ని అర్థం కాకపోయినా వల్లెవేస్తాడు. బహిరంగసభలో ఆ వీలు లేదు. మాటను తీసేస్తే భావం నిలవకపోతే, ఆ భావం వక్తకే పూర్తిగా పట్టుబడలేదని అందరి ముందూ బయటపడుతుంది. కాబట్టి సులువుగా చెప్పడం శ్రోత మీద చూపే జాలి అన్న అభిప్రాయాన్ని సవరించుకోవాలి. అది వక్త జ్ఞానానికి పెట్టే అగ్నిపరీక్ష.

3. భాష

గ్రెషమ్ కళాశాలలో ప్రతి ఉపన్యాసాన్నీ ఒకసారి లాటిన్‌లో, మరొకసారి ఇంగ్లీషులో చేయాలన్న ఏర్పాటు ఉండేది. లాటిన్ పండితులకు, ఇంగ్లీషు పురజనులకు. ఇంగ్లీషు కూడా ఒకనాడు వెనుక వరుసల భాషేనన్న సంగతి తెలుగువారు గుర్తుంచుకోదగినది. 1933లో వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో రవీంద్రనాథ్ ఠాకూరు మానవతత్త్వాన్ని గురించి చేసిన ధర్మనిధి ఉపన్యాసాలు ఇంగ్లీషులో సాగి, ఇంగ్లీషులోనే 1937లో పుస్తకమయ్యాయి. బెంగాలీ కవి తెలుగు శ్రోతలతో మాట్లాడడానికి అప్పుడు వేరే దారి లేదు. అయితే తెలుగు ఆచార్యుడు తెలుగు ఊళ్లో తెలుగువారితో మాట్లాడేటప్పుడు కూడా అదే దారి పట్టడం అలవాటైపోయింది.

భారతీయ భాషలో ఉన్నతవిద్య సాధ్యమేనని నిరూపించిన సంస్థ తెలుగునేల మీదనే ఉంది. 1918లో హైదరాబాదులో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూను బోధనభాషగా చేసుకుని, అనువాదకేంద్రాన్ని నడిపి, గణితం నుంచి వైద్యం దాకా గ్రంథాలను ఆ భాషలోకి తెచ్చింది. ఆ సాహసాన్ని తక్కువ చేయడానికి లేదు. అదే సమయంలో, నిజాం రాజ్యంలోని ప్రజల్లో ఎక్కువమంది మాట్లాడే తెలుగుకు, మరాఠీకి, కన్నడానికి ఆ తలుపు తెరుచుకోలేదన్నది కూడా నిజం. అలాంటి నగరంలో, ఆ విశ్వవిద్యాలయం పుట్టడానికి 17 ఏళ్ల ముందే, తెలుగుకు ఒక భాషానిలయాన్ని సమకూర్చడంలో లక్ష్మణరావు, ఆయన మిత్రులు చూపిన ముందుచూపు ఈ నేపథ్యంలో తెలుస్తుంది. 1982లో హైదరాబాదులో ఏర్పడి, ఇప్పుడు అంబేద్కర్ పేరుతో నడుస్తున్న దేశపు తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం తెలుగులో పాఠాలు రాయించినప్పుడు ఆ పాత బాకీలో కొంత తీరింది.

స్మారకోపన్యాసం స్తోత్రపాఠంగా మారకూడదు గనుక ఒక విమర్శ కూడా ఇక్కడ అవసరం. విజ్ఞానచంద్రిక పుస్తకాలు తెలుగులో వచ్చినా, ఆనాటి పద్ధతి ప్రకారం అవి గ్రాంథికంలో వచ్చాయి. విషయం దగ్గరికి వచ్చింది, భాష ఒక మెట్టు ఎగువనే నిలిచింది. శిష్టవ్యావహారికం కోసం గిడుగు రామమూర్తి సాగించిన పోరాటాన్ని కథల భాషకు, కవితల భాషకు పరిమితం చేసి చూడడం సరికాదు. చదువుకున్నవాడు తాను మాట్లాడే భాషలోనే శాస్త్రం రాయగలగాలన్నది అందులోని మూలసూత్రాల్లో ఒకటి. రాతకూ మాటకూ నడుమ నిలిచే ఉపన్యాసం ఆ సూత్రానికి సహజమైన ప్రయోగశాల.

పారిభాషికపదాల సంగతి చూస్తే ఇది ఇంకా తేటపడుతుంది. ఆక్సిజన్‌కు పండితులు ‘ఆమ్లజని’ అని పేరుపెట్టారు, అంటే ఆమ్లాన్ని పుట్టించేది. ఫ్రెంచి రసాయనవేత్త లవోజియే అన్ని ఆమ్లాల్లోనూ ఈ వాయువు ఉంటుందనుకుని పెట్టిన పేరుకు ఇది అనువాదం. ఆక్సిజన్ అసలే లేని ఆమ్లం ఉందని 1810లో డేవీ చూపడంతో ఆ ఊహ వీగిపోయింది. మూలంలోని పొరపాటును తెలుగు అనువాదం నమ్మకంగా మోసుకొచ్చింది, జనం మాత్రం ఆక్సిజన్ అనే అంటున్నారు. ‘నత్రజని’ కథ దీనికి భిన్నం. వరి పండించే రైతు దుక్కిలో కొంత, పిలక దశలో కొంత, చిరుపొట్ట దశలో కొంత నత్రజని వేయాలని తడుముకోకుండా చెబుతాడు. యూరియా బస్తా మీది 46 అన్న అంకె నూటికి అన్ని పాళ్ల నత్రజని అని, డిఎపి బస్తా మీది 18, 46 అంకెల్లో మొదటిది నత్రజనిదని, రెండోది భాస్వరానిదని అతనికి తెలుసు. ఒకే అచ్చులో పోసిన రెండు పదాల్లో ఒకటి నిఘంటువులో మిగిలిపోయి, రెండోది పొలంలో నాటుకోవడానికి కారణం పదనిర్మాణంలో లేదు. వ్యవసాయ విస్తరణ సిబ్బంది, రేడియోలోని రైతుల కార్యక్రమాలు, కృషి విజ్ఞాన కేంద్రాల ప్రదర్శన క్షేత్రాలు ఆ మాటను అవసరం ఉన్న చోటికి, అవసరమైన వేళకు, వస్తువుతో కలిపి తీసుకువెళ్లాయి. శాస్త్రానికి తెలుగు చాలదన్న వాదానికి ఎరువుల దుకాణం ముందు నిలబడిన రైతు చాలినంత జవాబు.

4. ప్రశ్న

తెలుగుదేశంలో వినే సంప్రదాయాలు రెండు ఉన్నాయి. పురాణకాలక్షేపంలో పౌరాణికుడు చెబుతాడు, ఊరు వింటుంది. అక్కడ అడ్డుప్రశ్న వేస్తే మర్యాద తప్పినట్టే. అవధానంలో ఇందుకు విరుద్ధంగా పృచ్ఛకులు లేనిదే సభే లేదు. ఒకరు సమస్య ఇస్తారు, ఒకరు నిషిద్ధాక్షరితో దారి మూస్తారు, అప్రస్తుతప్రసంగి ఏకాగ్రతను చెడగొట్టడానికే కూర్చుంటాడు. వీటన్నింటినీ తట్టుకున్నాకనే అవధానికి గౌరవం దక్కుతుంది. విశ్వవిద్యాలయోపన్యాసం తాను ఆధునికమని చెప్పుకుంటూనే నడకలో మాత్రం పురాణకాలక్షేపాన్ని అనుసరిస్తున్నది. అధ్యక్షులు సమయం చాలదని ప్రకటించడం, వందన సమర్పణ, జాతీయగీతం, తేనీరు: ఈ క్రమం సభాసదులకు కొత్తది కాదు.

ప్రశ్నకు చోటిచ్చినందువల్లనే నిలదొక్కుకున్న ఉద్యమం ఒకటి ఉంది. కేంబ్రిడ్జిలో అధ్యాపకుడైన జేమ్స్ స్టువర్ట్ 1867లో ఉత్తర ఇంగ్లండు పట్టణాల్లో స్త్రీలకు ఉపన్యాసాలివ్వడానికి వెళ్లినప్పుడు, యువకుడైన వక్త యువతులను నోటితో ప్రశ్నించడం ఆనాటి మర్యాదకు విరుద్ధమైంది. అందుకని ఆయన ప్రశ్నలను అచ్చువేయించి పంచి, వారి జవాబులను రాతమూలకంగా తెప్పించుకుని దిద్ది పంపాడు. ఆ ఇబ్బంది నుంచే ఒక మేలైన బోధనపద్ధతి పుట్టింది. తర్వాత రోచ్‌డేల్‌లో కార్మికులకు ఉపన్యసించినప్పుడు, మళ్లీ వచ్చేదాకా తన పటాలను గోడకే ఉంచమని కోరాడు. మరుసటి వారం వెళ్లేసరికి వాటి ముందు శ్రోతలు గుంపుగా చేరి తమలో తాము తర్కించుకుంటున్నారు. ఉపన్యాసానికి తోడుగా చర్చాతరగతి ఉండాలన్న ఆలోచన అలా కలిగింది. 1873లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమే ఈ పనిని అధికారికంగా చేపట్టింది. నేడు ‘ఎక్స్‌టెన్షన్ లెక్చర్’ అని పిలిచే ఏర్పాటుకు ఇదే మూలం. ఎక్స్‌టెన్షన్ అన్న పేరు భారతదేశానికి వచ్చింది. ముందుగా అచ్చువేసి పంచిన ప్రశ్నలు, గోడకు వదిలి వెళ్లిన పటాలు మాత్రం అక్కడే ఉండిపోయాయి.

ప్రశ్న ఎందుకంత ముఖ్యమంటే, న్యాసాన్ని తిరిగి తీసుకునేవాడు దాన్ని తూచుకుంటాడు, గీటురాయి మీద గీసి చూసుకుంటాడు. తూచుకోవద్దన్నవాడు అప్పగించినట్టు కాదు.

5. సమాజం, రాజకీయం

కొవ్వొత్తి మీద, ఎరువుల మీద చేసే ఉపన్యాసానికి ఎవరూ పెద్దగా అడ్డుచెప్పరు. కులం మీద, అధికారం మీద, ఆచారం మీద చేసే ఉపన్యాసానికి చెబుతారు. తెలుగులో ఉపన్యాసమన్న ప్రక్రియ మాత్రం ఆ వేడిలోనే రూపుకట్టింది. రాజమహేంద్రవరంలో ఉపాధ్యాయుడుగా ఉన్న కందుకూరి వీరేశలింగం 1879లో స్త్రీ పునర్వివాహం మీద ఉపన్యసించి, ఆ మాటలను అచ్చువేశారు. ఖండనలు వచ్చాయి, శాస్త్రవాదాలు జరిగాయి, బెదిరింపులూ వెలివేతలూ జరిగాయి. 1881 డిసెంబరు 11న ఆ ఊళ్లోనే తొలి వితంతు వివాహం జరిగింది. సభలో పలికిన వాదం రెండేళ్లలో ఒక ఇంటి గడప దాటింది.

విద్యాసంస్థ వేదిక మీద రాజకీయాలు మాట్లాడవచ్చునా అన్న ప్రశ్నను జర్మన్ సమాజశాస్త్రవేత్త మాక్స్ వెబర్ 1917 నవంబరు 7న మ్యూనిక్ విద్యార్థుల ముందు చేసిన ఉపన్యాసంలో తీసుకున్నాడు. తరగతిలో కూర్చున్న విద్యార్థి ఎదురుచెప్పలేడు గనుక ఆచార్యుడు తన రాజకీయాభిప్రాయాన్ని బోధనపీఠం మీద నుంచి రుద్దకూడదని, విమర్శకు వీలున్న బహిరంగవేదిక మీద దాన్ని చెప్పుకోవచ్చునని ఆయన వాదసారాంశం. ఈ భేదం నాలుగో మెట్టుతో కలిసి కొత్త అర్థాన్నిస్తుంది. బహిరంగోపన్యాసంలో రాజకీయం ఉండడం దోషమయ్యేది శ్రోతకు ఎదురు మాట్లాడే వీలు లేనప్పుడే. ఆ వీలున్నచోట వక్త స్వేచ్ఛ, శ్రోత స్వేచ్ఛ ఒకే తక్కెడలోని రెండు సిబ్బెలవుతాయి. ఒక సిబ్బెను తీసేసి రెండోదాన్ని నిలపడం కుదరదు. వక్తను ఆహ్వానించాక ప్రసంగపాఠాన్ని ముందే చూపమనడం, శ్రోతల ప్రశ్నలను ముందే వడపోయడం అనే రెండు దురలవాట్లు తరచు ఒకే చోట కనిపించడం ఇందువల్లనే.

సంస్మరణ సభకు ఈ ధర్మం మరింత వర్తిస్తుంది. 1943 జనవరిలో పూనాలో మహాదేవ గోవింద రానడే జయంతి సందర్భంగా మాట్లాడిన బాబాసాహెబ్ అంబేద్కర్, రానడే గొప్పతనాన్ని వివరిస్తూనే, వీరపూజ ఒక దేశానికి తెచ్చే చేటును విప్పిచెప్పి, గాంధీ, జిన్నాల రాజకీయాలను అదే కొలతతో తూచారు. కీర్తిశేషులకు దండవేసి ఊరుకోకుండా, వారి కొలతతో వర్తమానాన్ని కొలవడమే స్మారకోపన్యాసం చేయవలసిన పనికి మంచి నమూనా.

6. అచ్చు

మాట గాలిలో కలిసిపోతే న్యాసం సగమే ముట్టినట్టు. ఈ సంగతికి అంబేద్కర్ జీవితమే మరొక సాక్ష్యం. లాహోరులో 1936లో జాత్ పాత్ తోడక్ మండల్ సభకు అధ్యక్షోపన్యాసంగా ఆయన రాసిన ప్రసంగంలో కొన్ని భాగాలకు నిర్వాహకులు అభ్యంతరం చెప్పారు. ఆయన మార్చడానికి ఒప్పుకోలేదు, సభ రద్దయింది. ఆయన దాన్ని సొంత ఖర్చుతో అచ్చువేయించారు. కుల నిర్మూలన పేరుతో తెలుగులోనూ చదువుతున్న పుస్తకం అదే. దాని మీద గాంధీ తన హరిజన్ పత్రికలో విమర్శ రాశారు; మరుసటి సంవత్సరపు కూర్పులో అంబేద్కర్ ఆ విమర్శకు జవాబును చేర్చారు. పలకని ఉపన్యాసం అచ్చులోకి వచ్చింది గనుక ప్రత్యుత్తరాన్ని రాబట్టగలిగింది. పలికిన ఉపన్యాసాలెన్నో అచ్చుకాక, జవాబు చెప్పవలసిన పని ఎవరికీ పెట్టకుండా చెరిగిపోయాయి.

నేడు ప్రతి సభా కెమెరాకెక్కి యూట్యూబులో చేరుతున్నది గనుక అచ్చు ఎందుకని కొందరు యువమిత్రులు అడగవచ్చు. దృశ్యం మనిషిని, గొంతును, సభ వాతావరణాన్ని భద్రపరుస్తుంది. దాని విలువ దానిదే. అయితే వాదాన్ని వెనక్కి తిప్పి, ఫలానా పుటలో ఫలానా వాక్యం తప్పని వేలుపెట్టి చూపడానికి చేతిలో కాగితం ఉండడమే మేలు. కాకతీయ విశ్వవిద్యాలయంలో గణితం బోధించిన కె. బాలగోపాల్ హక్కుల మీద తెలుగులో చేసిన ప్రసంగాలను మిత్రులు ఎత్తిరాసి అచ్చువేసినందువల్లనే, 2009లో ఆయన మరణించిన తర్వాత కూడా వాటితో అంగీకరించేవారు, విభేదించేవారు ఇద్దరూ ఉన్నారు.

ఇంతవరకు చెప్పినదాని నుంచి విశ్వవిద్యాలయాలు చేయదగిన పనులు మూడు తేలుతున్నాయి. ధర్మనిధి ఉపన్యాసం ఇంగ్లీషులో జరిగితే దాని తెలుగు పాఠం, తెలుగులో జరిగితే తెలుగు పాఠమే, చిన్న పుస్తకంగా ఊరి గ్రంథాలయాలకు చేరాలి. ఉపన్యాసానికి కేటాయించినంత సమయం ప్రశ్నలకూ కేటాయించాలి. సమయం చాలక మిగిలిన ప్రశ్నలను రాసి తీసుకుని, వక్త జవాబులతో ఆ పుస్తకం చివర అచ్చువేయాలి. మూడోది, మరుసటి సంవత్సరం వక్త తన ప్రసంగాన్ని పోయిన సంవత్సరం జవాబు దొరకని ప్రశ్నతో మొదలుపెట్టాలి. అప్పుడు ఏటేటా విడివిడిగా జరిగే సభలు ఒకే సంభాషణలో భాగాలవుతాయి. వీటికి కొత్త భవనాలు అక్కరలేదు, పెద్ద నిధులూ అక్కరలేదు.

విజ్ఞాన సర్వస్వాన్ని మొదలుపెట్టిననాడు లక్ష్మణరావు ముందు వర్ణమాల మొత్తం ఉంది. చేతిలో మూడు సంపుటాలు మిగిల్చి ఆయన వెళ్లిపోయారు. కాశీనాథుని నాగేశ్వరరావు వంటివారు ఆ పనిని మళ్లీ చేతబట్టి కొంత ముందుకు నడిపించారు. ఈ స్మారక ఉపన్యాసాల్లో ప్రతి ఒక్కటీ ఆ సర్వస్వంలో ఆయన రాయకుండా వదిలిన ఏదో ఒక పదానికి వివరణ లాంటిది కావాలని కోరుకోవడంలో అత్యాశ లేదు. నేటి పదం ‘ఉపన్యాసం’. దీనికి ఇక్కడ రాసుకున్న అర్థంలో లోపముంటే దిద్దవలసినవారు వెనుక వరుసల్లోనే ఉన్నారు. వారు కూర్చున్న చోటికి కాగితాలు ఇప్పుడు వస్తాయి.